ఒహ్తానీ ఒప్పందం: లగ్జరీ పన్ను లెక్క ఎక్కడ తప్పుతోంది?

2023 డిసెంబరులో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టుతో ఆటగాడు షోహెయ్ ఒహ్తానీ కుదుర్చుకున్న పదేళ్ల, 70 కోట్ల డాలర్ల ఒప్పందం ప్రకారం ఏటా 20 లక్షలు మాత్రమే అప్పటికప్పుడు చెల్లించి, మిగిలిన 6.8 కోట్ల చొప్పున 2034 నుంచి 2043 వరకు వడ్డీ లేకుండా ఇస్తారు. ఆలస్యంగా అందే సొమ్ముకు నేటి విలువ తక్కువ కనుక, లగ్జరీ పన్ను (జీతాల మొత్తం పరిమితి దాటిన జట్లపై వేసే పన్ను) కోసం మేజర్ లీగ్ బేస్‌బాల్ దీన్ని ఏడాదికి సుమారు 4.6 కోట్లుగా లెక్కగట్టింది.

ఎక్సెల్‌లో 6.8 కోట్లను 5 శాతం చక్రవడ్డీతో పదేళ్లు వెనక్కి లెక్కించి, 20 లక్షలు కలిపితే నాకు 4.37 కోట్లే తేలింది. వ్యవధిని తొమ్మిదేళ్లకు కుదిస్తే 4.58 కోట్లకు చేరింది గానీ, 2024 బకాయి 2034లో అందుతుంది కనుక అది జవాబుకు తగ్గట్టు లెక్కను వంచడమే అవుతుంది.

ఈ ఒప్పందానికి లీగ్ ఏ వడ్డీ రేటును వర్తింపజేసిందో ఎవరైనా చెప్పగలరా?