రెండు బిందువుల గుండా పోయే సరళరేఖ వాలు: ముందు ఏ బిందువును తీసుకోవాలి?

ప్రశ్న:
నమస్కారం. పదో తరగతి చదువుతున్న మా అబ్బాయికి నిరూపక జ్యామితి చెబుతున్నాను. (−2, 7), (4, −5) బిందువుల గుండా పోయే సరళరేఖ వాలు −2 అని పుస్తకం చివర జవాబు ఉంది. వాడు మాత్రం పెద్ద సంఖ్యలోంచి చిన్న సంఖ్యను తీసివేసే అలవాటు కొద్దీ 7 − (−5) = 12ను లవంగా, 4 − (−2) = 6ను హారంగా రాసి 2 తెచ్చాడు. ఏ బిందువును ముందు తీసుకోవాలో నియమం ఏదైనా ఉందా? వై భేదాన్నే పైన ఎందుకు వేయాలని కూడా అడుగుతున్నాడు.

జవాబు 1:
అలాంటి నియమం లేదండీ. ఏ బిందువుతోనైనా మొదలుపెట్టవచ్చు కానీ, లవంలో ఏ బిందువు ముందు వచ్చిందో హారంలోనూ అదే ముందు రావాలి. (4, −5)తో మొదలుపెడితే లవం −12, హారం 6. (−2, 7)తో మొదలుపెడితే లవం 12, హారం −6. వరుస మారినప్పుడు రెండింటి గుర్తులూ కలిసే మారతాయి కాబట్టి భాగఫలం −2గానే ఉంటుంది. మీ అబ్బాయి లవాన్ని ఒక బిందువుతోను, హారాన్ని మరో బిందువుతోను మొదలుపెట్టాడు. బిందువులను ఒకదాని కింద ఒకటి రాయించి, పై వరుసలోంచి కింది వరుసను తీసివేయమనండి.

జవాబు 2:
దానితోపాటు గ్రాఫు కాగితం మీద గీయించండి. ఎడమ నుంచి కుడికి పోతుంటే ఈ రేఖ 7 నుంచి −5కు దిగుతోంది. దిగే రేఖకు ధన వాలు రాదని చూడగానే తెలుస్తుంది.

వై భేదం పైన ఎందుకంటే, అడ్డంగా ఒక యూనిట్ జరిగినప్పుడు నిలువుగా ఎంత ఎక్కామో, ఎంత దిగామో చెప్పేదే వాలు. ముంబయి, పుణెల మధ్య భోర్ ఘాట్‌లో రైలు మార్గం 37 మీటర్లకు 1 మీటరు చొప్పున ఎక్కుతుంది, అంటే వాలు 1/37. భిన్నాన్ని తలకిందులు చేస్తే ఆ ఘాట్‌కు 37 వస్తుంది, అంతకంటే నిటారైన మార్గానికి ఇంకా చిన్న సంఖ్య వస్తుంది, చదునైన పట్టాలకైతే విలువే ఉండదు. ఏటవాలును కొలవడానికి అది పనికివచ్చే కొలత కాదు కదా!

జవాబు 3:
పిల్లలు తరచూ తడబడే చోటు మరొకటి ఉంది. (1, 4), (6, 4)ల మధ్య వాలు 0/5, అంటే సున్న. (3, 1), (3, 6)ల మధ్య హారమే సున్న కాబట్టి ఆ నిలువు రేఖకు వాలు నిర్వచితం కాదు. అక్కడ కూడా సున్న అని రాస్తే జవాబు తప్పే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. వరుసల పద్ధతిలో (−2, 7), (1, 1)లకు చేయించాను. 6ను −3తో భాగిస్తే మళ్లీ −2 వచ్చింది. అంటే (1, 1) కూడా ఆ రేఖ మీదిదేనని చెప్పవచ్చా?

జవాబు 1:
చెప్పవచ్చండీ. రెండు లెక్కల్లోనూ (−2, 7) ఉమ్మడిగా ఉంది కాబట్టి మూడు బిందువులూ సరేఖీయాలే. ఉమ్మడి బిందువు లేకుండా వాలులు మాత్రమే సమానమైతే అవి రెండు సమాంతర రేఖలు కూడా కావచ్చు.