సమస్య: పిల్లి పులిని దోచి పేరుఁ గొనియె

నిర్వాహకులు: అమెరికా ఖండాల మచ్చల పిల్లి ఓసెలాట్ గురించి చదువుతుంటే ఈ పాదం దానంతటదే పడింది. రాజకీయ నాయకుల్ని తేవద్దు, పిల్లినే తేండి.

కందపప్పు:
మెక్సికోన నాడు మేటి జాగ్వారునే
యోసెలోత యనిరి యోధులెల్ల
ఫ్రెంచి పండితుండు పిన్నదానికి నీయ
పిల్లి పులిని దోచి పేరుఁ గొనియె

కల్పన కాదు. నాటి మెక్సికో అజ్టెక్కుల నహువాతల్ భాషలో ఓసెలోత్ల్ అంటే జాగ్వారే, అదే అమెరికా ఖండాల మచ్చల పెద్దపిల్లి. జాగ్వార్ తోలు కప్పుకున్న యోధుల దళమే ఉండేది. చిన్నదాన్ని త్లాలోసెలోత్ల్ అనేవారు. 18వ శతాబ్దంలో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త బుఫాన్ దాని ముందు ముక్క కోసేసి ఓసెలాట్ చేశాడు.

గోదారిగట్టు: కథ బాగుంది. మరి మూడో పాదం చివరి ‘ఈయ’ అసలు ‘ఈయన్’ కదా, ఆ నకారం (ద్రుతం) తర్వాత ‘పిల్లి’ ఎలా నిలిచింది? ‘బిల్లి’ కావద్దూ? సమస్యను ముట్టుకోకూడదు కనుక ‘నిచ్చె’ అనండి. నాకు ద్రుతం మీద క్లాసు పీకినవారికి ఇది తట్టలేదా?

కందపప్పు: ‘ఇచ్చెన్’ కూడా ద్రుతాంతమే మాస్టారూ!

గోదారిగట్టు: అక్కడ వాక్యం ఆగుతుందండీ, సంధి అడగరు.

చాటువు: అసలు జాగ్వార్ పులేనా? చారలేవీ?

నిర్వాహకులు: చిరుతను చిరుతపులి అనడం లేదూ? సర్దుకోండి.

గోదారిగట్టు: నా పూరణ.
డాలి వెంట నడచి డాబుగాఁ దిరిగెడు
బాబు పేరఁ బరఁగు పట్టుమేని
మచ్చకూన ముందు మాసెఁ బెద్దలకీర్తి
పిల్లి పులిని దోచి పేరుఁ గొనియె

1960ల్లో చిత్రకారుడు సాల్వడార్ డాలి వెంట తిరిగిన ఓసెలాట్ పేరు బాబూ.

హ్యూస్టన్ బాటసారి: ‘పేరు’ను కీర్తి చేయడం అదిరింది! మా టెక్సాస్ దక్షిణపు కొసన, లగూనా అటస్కోసా అభయారణ్యం వైపు ఓసెలాట్లు ఇంకా ఉన్నాయి. రాష్ట్రం మొత్తానికి 100 కూడా ఉండవట. రోడ్ల మీద కార్ల కింద పడి పోతున్నాయి పాపం.

కందపప్పు: మలుపు బాగానే ఉంది, ఒప్పుకుంటాను. రెండో పాదంలో ‘పేర’, నాలుగో పాదంలో ‘పేరు’. పునరుక్తి.

గోదారిగట్టు: ఒకటి నామం, ఒకటి కీర్తి. మీరు రాస్తే యమకం, నేను రాస్తే పునరుక్తా? ఓసెలాట్‌కు చుట్టమైన చిన్న మచ్చలపిల్లి మార్గే మీద మీ పద్యం మరిచారా? ఆ పిల్లి వెనక చీలమండలు తిప్పుకుని చెట్టు తలక్రిందుగా దిగుతుందని రాస్తూ ‘తలక్రిందు’లో ‘ల’ను గురువు చేశారు. తెలుగు మాటలో క్రావడికి (ర వత్తుకు) ముందక్షరం తేలి లఘువవుతుంది.

కందపప్పు: ఊది పలికితే గురువే అవుతుంది.

చాటువు: ఆ పద్యంలో యతి కూడా...

నిర్వాహకులు: మార్గే గొడవ మార్గే దారంలో. ఇక్కడ మూడో పూరణ ఎవరిది?