పైథాన్ మాడ్యూల్ ఏడ పెట్టాలె: పైథాన్ చెప్పిన జాగల్నా, ప్రిఫిక్స్ కిందనా?

లారీకాంటా_మిర్యాలగూడ:
మిల్లుల కాంటాలకు సాఫ్ట్‌వేర్ చేస్త. సీరియల్ కేబుల్ మీద బరువు చదివే ప్రోగ్రాం సీ ల రాసిన, స్లిప్పు కొట్టేది పైథాన్ మాడ్యూల్. ఇన్నాళ్లు ఫైళ్లు చేత్తో కాపీ చేసేటోన్ని, ఈసారి మొత్తం ఆటోమేక్‌కు, అంటే బిల్డ్, ఇన్‌స్టాల్ స్క్రిప్టులు తయారుచేసే టూల్‌కు, అప్పజెప్పిన. కొత్త మిల్లుల ఉబుంటు 22.04 మీద కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ కొట్టిన, ఏడా ఎర్రర్ లేదు, తీరా ఇంపోర్ట్ చేస్తే మాడ్యూల్ లేదంటది, గేటు కాడ వడ్ల లారీలు లైన్ కట్టినయ్. రెండు గంటలు వెతికితే తెలిసింది, ఫైళ్లు డిఫాల్ట్ ప్రిఫిక్స్ (ఇన్‌స్టాల్ ఫైళ్లన్నీ పోయే మూల ఫోల్డర్) ఐన యూఎస్ఆర్ లోకల్ కింద సైట్-ప్యాకేజెస్ ల పడ్డయ్, ఉబుంటు పైథాన్ ఆడ చూడనే చూడది, డెబియన్ లెక్క డిస్ట్-ప్యాకేజెస్ లనే వెతుకుతది. గందుకే పైథాన్‌లనే ఉండే సిస్‌కాన్ఫిగ్‌ను ప్యూర్‌లిబ్ (మాడ్యూల్స్ పెట్టే ఫోల్డర్) ఏడుందో అడిగి, అది చెప్పిన జాగనే ఆటోమేక్ పైథాన్‌డిర్ వేరియబుల్‌కు పెడదామనుకుంటున్న. తప్పంటరా?

నల్లమల_సీ:
తప్పే అన్నా. నేను హోమ్ కింద ప్రిఫిక్స్ ఇచ్చిన అనుకో, నీ ప్రోగ్రాం పోయి యూఎస్ఆర్ లోకల్‌ల రాయబోతది, నాకు సుడో (అడ్మిన్ హక్కు) లేదు, ఇన్‌స్టాల్ ఆడనే ఆగిపోతది. మేక్ డిస్ట్‌చెక్ కొట్టి చూడు, రిలీజ్ ప్యాకేజీని పరీక్షించే కమాండ్ అది, సొంత ప్రిఫిక్స్ ఇచ్చి ఇన్‌స్టాల్ చేస్తది, నీది బయటికి పోతే ఫెయిల్. ఆటోమేక్ మాన్యువల్‌ల ఈ సంగతి మీదనే, పైథాన్ మాడ్యూల్ ఉదాహరణతోనే, ఒక భాగం ఉన్నది. వాడేటోడు ఏ జాగ చెప్పిండో ఆ జాగ దాటి ఒక్క ఫైలు కూడా పెట్టే హక్కు మనకు లేదు.

లారీకాంటా_మిర్యాలగూడ:
నీ మాట కాదంటలేను తమ్మీ, కాని మిల్లు గుమస్తాకు ప్రిఫిక్స్ అంటే ఏం తెలుసు? ఆయన ఏమీ చెప్పలే, డిఫాల్ట్‌ల వదిలిండు. డిఫాల్ట్‌ల వదిలినోనికి పనిచెయ్యని జాగల పెట్టి అంతా మంచిగైందని చెప్పుడు ఏం న్యాయం?

హాలియా_దేవ్:
మీ ఇద్దరి కంటే ముందున్న ప్రశ్న, అసలు ఏ పైథాన్ దొరికింది? కాన్ఫిగర్‌ల పైథాన్‌ను వెతికే ఏఎం_పాత్_పైథాన్ మాక్రో, పాత్‌ల (ప్రోగ్రాంలు వెతికే ఫోల్డర్ల లిస్టుల) ముందు కనబడ్డదాన్ని పట్టుకుంటది, ఆ టైంల కొండా గాని వెన్వ్ గాని (సిస్టమ్‌కు వేరుగ పెట్టుకునే పైథాన్ సెటప్‌లు) ఆన్‌ల ఉంటే సిస్టమ్ పైథాన్ బదులు అదే దొరుకుతది. కాన్ఫిగర్‌కు ముందు పైథాన్ వేరియబుల్‌ల పూర్తి పాత్ ఇచ్చి కొట్టండి. సీమేక్ అనే ఇంకో బిల్డ్ టూల్‌ల గూడ పాత ఫైండ్‌పైథాన్‌ఇంటర్ప్, ఫైండ్‌పైథాన్‌లిబ్స్ తోని ఇంటర్‌ప్రెటర్ ఒక వెర్షన్, హెడర్లు ఇంకో వెర్షన్ దొరికేవి, సీమేక్ 3.12 ల ఫైండ్‌పైథాన్3 వచ్చినంక రెండూ ఒకే కాల్‌ల అడిగితే జతగ దొరుకుతున్నయ్. ఇంకోటి, మీ ఆటోమేక్ 1.16.3 కంటే పాతదైతే పైథాన్ 3.10 ను 3.1 అనుకుంటది, వెర్షన్ ల మొదటి మూడు అక్షరాలే కోసుకునేది అప్పట్ల.

వనపర్తి_వీల్:
నన్నడిగితే మేక్‌తోని పైథాన్ ఎక్కించుడే బందు చెయ్యాలె. సీ ది మేక్‌కు, మాడ్యూల్‌ది వీల్ (పైథాన్ రెడీ ప్యాకేజీ ఫైలు) కట్టి వెన్వ్‌ల పిప్‌కు (పైథాన్ ఇన్‌స్టాలర్‌కు). పైథాన్ 3.12 ల డిస్ట్‌యుటిల్స్ అనే పాత ఇన్‌స్టాల్ లైబ్రరీ తీసేసిన్రు, దాని మీద ఆనుకున్న పాత కాన్ఫిగర్ స్క్రిప్టులన్నీ ఉబుంటు 24.04 మీద పడిపోయినయ్. డెబియన్ 12 నుంచైతే సిస్టమ్ పైథాన్‌ల పిప్‌తోని గూడ నేరుగా ఎక్కించనియ్యరు. ఆ జాగ డిస్ట్రోది (ఉబుంటు, డెబియన్ లాంటోళ్లది), మనది కాదు. మిల్లుల నెట్ లేదంటరేమో, వీల్ ఫైలు పెన్‌డ్రైవ్‌ల వస్తది.

నల్లమల_సీ:
వీల్ మంచిదే గాని అన్న మాడ్యూల్ సీ లైబ్రరీకి లింకై ఉంటే రెండు ఇన్‌స్టాళ్ల వెర్షన్లు ఎవడు కలిపి చూడాలె? ఒకటి కొత్తది ఒకటి పాతది ఐతే బరువు తప్పు పడుతది, అది రైతు పైసలు. ఒక్క మేక్ ఇన్‌స్టాల్‌ల రెండూ పోవుడే నయం.

లారీకాంటా_మిర్యాలగూడ:
లింకై ఉన్నది, ఎక్స్‌టెన్షన్ .ఎస్ఓ ఫైలు (కంపైల్ చేసిన భాగం), అందుకే వీల్ దిక్కు పోతలేను. గిట్ల చేసిన: కాన్ఫిగర్‌ల ప్రిఫిక్స్ విలువ నన్ అని ఉంటే, అంటే ఎవ్వరూ ఇయ్యకపోతే, సిస్‌కాన్ఫిగ్ చెప్పిన జాగ. ఇస్తే దాని కిందనే, ఒక్క ఫైలు బయటికి పోదు. మాడ్యూల్‌కు పైథాన్‌డిర్, .ఎస్ఓ కు పైఎగ్జెక్‌డిర్, రెండూ ఇదే పద్ధతి. డిస్ట్‌చెక్ పాసైంది. ఆఖర్ల ఏ పైథాన్, ఏ జాగ అని రెండు లైన్లు ప్రింట్ చేస్తున్న, ఇన్‌స్టాల్ అయినంక ఆ పైథాన్‌తోనే ఒకసారి ఇంపోర్ట్ చేసి చూసి, కాకపోతే ఎర్రర్ ఇచ్చి ఆపుతున్న.

హాలియా_దేవ్:
మెసన్ అనే బిల్డ్ టూల్‌ల దీనికి ఆప్షనే ఉన్నది, పైథాన్.ఇన్‌స్టాల్_ఎన్వ్ అని, ప్రిఫిక్స్, సిస్టమ్, వెన్వ్, ఆటో. డిఫాల్ట్ మాత్రం వాళ్లు ప్రిఫిక్స్ దిక్కే ఉంచిన్రు.

నల్లమల_సీ:
నన్ అయితేనే అంటున్నవ్ గనుక నాకు ఇగ పేచీ లేదు. ఆ ఇంపోర్ట్ చెకింగ్ మాత్రం డెస్ట్‌డిర్ (ప్యాకేజీ కట్టేటందుకు ఫైళ్లను తాత్కాలికంగ పెట్టే ఫోల్డర్) ఇచ్చినప్పుడు చెయ్యకు అన్నా, ప్యాకేజీ కట్టేటోనికి ఫైళ్లు అప్పటికి అసలు జాగల ఉండయ్, ఊకే ఫెయిల్ ఐతది.

లారీకాంటా_మిర్యాలగూడ:
అది చూస్కోలే. ఇప్పుడే ఇన్‌స్టాల్ హుక్‌ల డెస్ట్‌డిర్ ఖాళీగ ఉంటేనే అని కండిషన్ పెడుతున్న, రేపు మిల్లుల ఎక్కించి చెప్త.