హోల్మియం శాంపిల్‌ల 5 కెల్విన్ దగ్గర రెసిస్టెన్స్ మళ్లీ లేస్తున్నది, రీడింగ్ తప్పా?

ప్రశ్న (నల్గొండ, ఎమ్మెస్సీ ఫిజిక్స్): అన్నలూ అక్కలూ, జర సాయం చేయండ్రి. నా ప్రాజెక్టు హోల్మియం నికెల్ బోరోకార్బైడ్ మీద. హైదరాబాద్‌ల ఒక ల్యాబ్‌ల 0.1 టెస్లా అయస్కాంత ఫీల్డ్ పెట్టి రెసిస్టెన్స్ కొలిపించిన. 8 కెల్విన్ దిగినంక గీత సున్నాకు పడ్డది. సంబురపడ్డ. 5 దగ్గరికి రాంగనే మళ్లీ లేచింది, ఇంకా చల్లగైతే మళ్లా సున్నా! మా సారు కాంటాక్టు ఊడినట్టున్నది, ఇంకోసారి కొలిపించు అంటున్నరు. ఇంకో స్లాట్ అంటే నెల ఆగాలె.

జవాబు (మహబూబ్‌నగర్): తమ్మీ, ఆ గీతను పారేయకు. నీ ప్రాజెక్టుల చూపించాల్సిందే అది.

ఈ స్ఫటికం చతురస్రాకారపు పునాది మీద పొడుగ్గా లేచినది, అడుగు అంచు ('a' అక్షం) సుమారు 3.5 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఎత్తు ('c' అక్షం) 10.5. హోల్మియం–కార్బన్ పొర ఒకటి, నికెల్–బోరాన్ పొర ఒకటి. కరెంటును నడిపేది ఎక్కువ నికెల్ వైపు, అయస్కాంతం హోల్మియం దగ్గర.

జొన్నసొప్ప కుప్ప అనుకో. ఒక వరుస మోపుల మొదళ్లన్నీ తూర్పుకు, పై వరుసవన్నీ పడమరకు. 5 కెల్విన్ కింద హోల్మియం స్పిన్‌లు (ఒక్కో అణువు చిన్న అయస్కాంతం అనుకో) గట్లనే పడుకుంటయి. కూపర్ జంట, అంటే రెసిస్టెన్స్ లేకుంట కరెంటును మోసే ఎలక్ట్రాన్ల జోడి, చానా పొరల మీద పరుచుకొని ఉంటది, దానికి తూర్పూ పడమరా కొట్టేసుకొని సున్నా. అందుకే సూపర్ కండక్టివిటీ, అంటే ఆ సున్నా రెసిస్టెన్స్, తిరిగొస్తది.

తంటా అంతా 5–6 నడుమనే. అక్కడ పై వరుస 180 డిగ్రీలు తిరగదు, 165 దగ్గరే ఆగుతది, మెట్లమెట్లుగ సుడి తిరిగినట్టు. దానికి తోడు 'a' అక్షం వెంట స్పిన్‌లదే ఇంకో అల. ఈ రెండోదే జంటలను ఎక్కువ చెడగొడుతదని నా మనసుకు. ఎర్బియం రోడియం బోరైడ్ అని ఇంకో అయస్కాంత సూపర్ కండక్టర్ ఉన్నది, దాని కథ వేరు: 8.7 కెల్విన్‌ల సూపర్ కండక్టర్ అయి, 0.9 దగ్గర స్పిన్‌లన్నీ ఒకే దిక్కుకు తిరగంగనే అది పోతది, మళ్లీ రాదు.

కాంటాక్టు అనుమానం తీర్చుకోవాలంటే చల్లార్చేటప్పటిది, వేడి చేసేటప్పటిది రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూడు. ఊడిన తీగకు ప్రతిసారి అదే ఉష్ణోగ్రత గుర్తుండదు. ఫీల్డ్ లేకుంట కొలిచిన రన్ ఉంటే అదీ తియ్యి, 5 దగ్గర గీత లేచిన బొడిపె చిన్నగైపోవాలె.

జవాబు (మిర్యాలగూడ): ఒక్క మాట కలుపుతున్న. వైవాల "స్పిన్‌లు గట్లున్నయని ఎట్ల తెలిసింది" అని తప్పక అడుగుతరు. న్యూట్రాన్‌లతోని అని చెప్పు. మామూలు బోరాన్‌ల ఐదో వంతు బోరాన్-10, అది న్యూట్రాన్‌లను మింగేస్తది. అందుకే బోరాన్-11 తోని శాంపిల్ చేస్తరు. ఇది చెప్తే పరీక్షకులు ఇంకో ప్రశ్నకు పోతరు, నాకు అనుభవమే.

ప్రశ్నించినాయన: ఫీల్డ్ లేని ఫైల్ దొరికిందన్నా. బొడిపె చానా చిన్నగుంది, కాని అదే చోట. వేడి చేసేటప్పుడు కూడ అక్కడనే. రెండు గీతలు ప్రింట్ తీస్కొని రేపు పొద్దుగాల్ల సారు దగ్గరికి పోతున్న.