నాన్న కంప్యూటర్‌లో అక్షరాలు చిన్నవి: రెజల్యూషన్ తగ్గించాలా, స్కేలింగ్ పెంచాలా?

గోదారిగట్టు
ఇంట్లో రోజూ ఇదే గొడవ, మీరే తేల్చండి. సంక్రాంతికి నాన్నకి 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ కొన్నాం. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. పొద్దున్నే ఈ-పేపరు చదువుతారు, పెన్షన్ లెక్కలు చూసుకుంటారు, అంతే. "అక్షరాలు చీమల్లా ఉన్నాయిరా" అన్నారని తమ్ముడు రెజల్యూషన్‌ని, అంటే స్క్రీన్ మీది చుక్కల లెక్కని, 1920×1080 నుంచి 1280×720కి దించేశాడు. అక్షరాలు పెద్దవయ్యాయి గానీ, నా కంటికి తడిగుడ్డతో తుడిచిన పలకలా ఉంది. నేను వెళ్లినప్పుడల్లా పాతదానికి మార్చి స్కేల్ (అక్షరాలూ ఐకాన్లూ ఎంత పెద్దగా గీయాలో చెప్పే సెట్టింగ్) 150 శాతం పెడతాను. వాడొచ్చి మళ్లీ దించుతాడు. నాన్నేమో "ఏదో ఒకటి ఉంచండ్రా, ఐకాన్లు వెతుక్కోలేక చస్తున్నా" అంటున్నారు.

డీటీపీ బాబాయ్
నా ఓటు మీ తమ్ముడికే. 17 అంగుళాల డబ్బా మానిటర్ల రోజుల్లో 1024×768 కష్టంగా ఉంటే 800×600 పెట్టుకునేవాళ్లం. ఎవరి కళ్లూ పోలేదు. స్కేలింగ్ పెంచితే నా పాత సాఫ్ట్‌వేర్‌లో మెనూలు మసకబారతాయి. పైగా కొన్ని విండోల్లో ఓకే బటన్ స్క్రీన్ కిందకి జారిపోతుంది. కనపడని బటన్ కోసం ఎంటర్ కొట్టి దేవుడి మీద భారం వేయాలి.

చుక్కల లెక్క
బాబాయ్, ఆ డబ్బా మానిటర్‌కి ఇన్నే చుక్కలని గట్టి లెక్క లేదు, ఏ రెజల్యూషన్ ఇచ్చినా సర్దుకునేది. ఎల్‌సీడీ అలా కాదు. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు తయారీలోనే బిగించేశారు. 1280×720 ఇస్తే ఒక్కో చుక్కని ఒకటిన్నర చుక్కల మీద పరచాలి. అర చుక్క అనేది లేదు కాబట్టి పక్కదానితో రంగు కలిపేస్తుంది. ఆ మసక అదే. స్కేలింగ్‌లో అయితే చుక్కలన్నీ వాడుకుంటూనే అక్షరాన్ని పెద్దగా గీస్తుంది.

ఇంగ్లీషుకి ఎలాగో సర్దుకోవచ్చు, తెలుగుకి కష్టం. థకీ ధకీ తేడా కడుపులో ఉన్న చుక్కే. అది అలుక్కుపోతే 'కథ' కాస్తా 'కధ' అవుతుంది. (చాలామంది ఎలాగూ 'కధ' అనే రాస్తారు, అది వేరే గొడవ.)

ఓకే బటన్ సంగతంటారా, 1920×1080 మీద 150 శాతం పెడితే మిగిలే చోటు సరిగ్గా 1280×720 అంత. అంటే రెజల్యూషన్ దించినా ఆ బటన్ అక్కడికే జారుతుంది!

డీటీపీ బాబాయ్
ఆ లెక్క నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. మరి మెనూల మసక?

చుక్కల లెక్క
అది నిజమే. కానీ ఆ మసక ఆ ఒక్క ప్రోగ్రామ్‌కే. రెజల్యూషన్ దించితే స్క్రీన్ మొత్తానికీ. ఆ ప్రోగ్రామ్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్తే హై డీపీఐ సెట్టింగ్ ఉంటుంది, మార్చి చూడండి. కొన్నిటికి పనిచేస్తుంది, అన్నిటికీ కాదు.

మెకానిక్ మామ
మా వీధిలో ఒకాయన ఇలాంటి మానిటర్‌లోనే 1024×768తో నెట్టుకొస్తున్నాడు. స్క్రీన్ వెడల్పుకి సాగి సున్నాలన్నీ కోడిగుడ్లయ్యాయి. తీరా చూస్తే లిస్టులో 1920 లేనే లేదు, గ్రాఫిక్స్ డ్రైవర్ (స్క్రీన్ మీద బొమ్మ చూపించే సాఫ్ట్‌వేర్) వేయలేదు. వేయగానే దారికొచ్చింది.

అత్తగారి టెక్ సపోర్ట్
అన్నదమ్ములిద్దరూ మానిటర్ చూశారు సరే, నాన్నగారి కళ్లజోడు చూశారా? మా అత్తయ్యగారి చత్వారం అద్దాలు పుస్తకం పట్టుకునే దూరానికి ఇచ్చినవి. మానిటరేమో చేయి చాపినంత దూరంలో ఉంది. బైఫోకల్ కింది గాజులోంచి చూడ్డానికి తల పైకెత్తి కూర్చునేవారు, సాయంత్రానికి మెడనొప్పి. టేపు పెట్టి దూరం కొలిచి కళ్ల డాక్టరుకి చెబితే వేరే అద్దాలు రాశారు. ఆ తర్వాత 125 శాతమే సరిపోయింది. ఇంకోటి, ఈ-పేపరు పేజీ చాలాచోట్ల బొమ్మలాగే వస్తుంది. దాన్ని పేజీలోనే పెద్దది చేసుకోవాలి. కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పడం నేర్పండి చాలు.

గోదారిగట్టు
ఆదివారం పరీక్ష పెట్టాను. నోట్‌ప్యాడ్‌లో పక్కపక్కనే 'కథ', 'కధ' అని రాసి నాన్నని పిలిచాను. తమ్ముడి సెట్టింగ్‌లో ముందుకు వంగి చూసి "రెండూ ఒకటేగా" అన్నారు. 1080, 150 శాతంలో కుర్చీలో వెనక్కి ఆనుకునే "రెండోది తప్పు, ఎవడు రాశాడు?" అని కసిరారు.

కళ్లజోడు మూడేళ్ల నాటిదట, గురువారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. తమ్ముడికి ఫోన్ చేసి "ఇక ముట్టుకోకురా" అని నాన్నే చెప్పారు. వాడు సరే అన్నాడు గానీ, ఈసారి వచ్చినప్పుడు మౌస్ బాణాన్ని పెద్దది చేస్తాడట.