"ఐ గాట్టా స్కూట్" అంటే కోపం వచ్చినట్టా?

అందరికీ నమస్తే. డల్లాస్ వచ్చి మూడు వారాలైంది. నిన్న మీటింగ్ అవుతుండగానే మా మేనేజర్ "ఐ గాట్టా స్కూట్" అని లాప్‌టాప్ మూసేసి వెళ్లిపోయాడు. నేనేమైనా తప్పు మాట్లాడానా? రాత్రంతా టెన్షన్.

---

తమ్ముడూ, హాయిగా పడుకో. "ఇక నేను బయల్దేరాలి" అన్నాడంతే, కోపమొచ్చినవాడు ఆ మాట వాడడు. నువ్వూ అనొచ్చు గానీ ఇంటర్వ్యూలో, కస్టమర్‌కి రాసే మెయిల్లో వద్దు, "ఐ హావ్ టు రన్" అయితే ఆఫీసులో ఎవరితోనైనా చెల్లిపోతుంది.

అసలు తికమక పెట్టేది "స్కూట్ ఓవర్". వెళ్లిపొమ్మని కాదు, మన ఆర్టీసీ బస్సులో సీటు చివర నిలబడి "కొంచెం జరగండి" అంటాం చూడు, అదీ. నేను వచ్చిన కొత్తలో డాక్టర్ దగ్గర పరీక్ష బల్ల మీద పడుకున్నాను, నర్సు "స్కూట్ డౌన్ ఫర్ మీ" అనేసరికి దిగమంటోందనుకుని ఆ కాగితం గౌను వెనకాల చేత్తో పట్టుకుని కిందికి దిగి చెప్పులు కూడా వేసేసుకున్నా. ఆవిడ నవ్వాపుకుంటూ బల్ల చివర చేత్తో తట్టి చూపించింది. పడుకున్నచోటే కాళ్ల వైపు ఇంకాస్త జరగాలట!

---

పై అక్క చెప్పింది కరెక్ట్. పుట్టుక సంగతి నేను చెప్తా, నాకు ఈ పిచ్చి ఉంది. ఈ మాట 18వ శతాబ్దం నుంచే ఉంది. స్కాండినేవియా భాషల నుంచి స్కాట్లండ్ మీదుగా వచ్చి ఉంటుందని, "షూట్"కి చుట్టమేనని నిఘంటువుల అంచనా. విల్లు నుంచి బాణం దూసుకుపోయినట్టు అనుకో. మన స్కూటర్ దీని బిడ్డే. ముందు పిల్లలు ఒంటికాలితో తోసుకుంటూ పోయే బండికి ఆ పేరు పెట్టారు, తర్వాత మోటారు బండికి వచ్చింది. 1972లో వచ్చిన బజాజ్ చేతక్‌ని పొద్దున్నే ఓ పక్కకి వంచి, నిలబెట్టి, నాలుగు కిక్కులు కొట్టిన నాన్నలకి మాత్రం దానిలో వేగమెక్కడుందో తెలియదు.

ఇంకోటి "స్కెడాడిల్". 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైన ఏడాదే పేపర్లకెక్కింది, యుద్ధభూమి నుంచి సైనికులు కాలికి బుద్ధి చెప్పడాన్ని అలా వెక్కిరించేవారు. "వామూస్" ఏమో స్పానిష్ "వామోస్" నుంచి, అంటే "పదండి" అని. ఈ రెండూ ఇప్పుడు సరదాకే. మేనేజర్ లేచి వెళ్లాక వెనకనుంచి "హీ స్కెడాడిల్డ్" అనకు, పారిపోయాడన్నట్టు వినిపిస్తుంది.