ఫ్లెక్సీలు చేయొస్తది, వెబ్ పేజీ కుదురుతలేదు. డిజైన్ మూలాలు ఎక్కడి నుంచి పట్టుకోవాలె?

దేవరకొండ డీటీపీ

అందరికి నమస్తే. నేను దేవరకొండల ఫ్లెక్సీ, డీటీపీ షాపుల పని చేస్తున్న. కోరెల్‌డ్రా, ఫోటోషాప్ బాగానే వచ్చు. పెళ్లి పత్రికలు, బర్త్‌డే ఫ్లెక్సీలు, వడ్ల కొనుగోలు సెంటర్ బ్యానర్లు, ఏది అడిగినా చేసిస్త. యూట్యూబ్ చూసి వెబ్ పేజీ కట్టే హెచ్‌టీఎంఎల్, దానికి రూపమిచ్చే సీఎస్‌ఎస్ నేర్చుకున్న.

ఇప్పుడు మా బాబాయికి తెలిసిన బత్తాయి నర్సరీ వాళ్లకు ఒక పేజీ చేస్తున్న. ఒక్కటే పేజీ. మొక్క రకం, దేని మీద కట్టిన అంటు, ధర, ఫోన్ నంబరు, నర్సరీకి దారి, అంతే. పైన ఎరుపు మీద పసుపు అక్షరాలు పెట్టిన. నాలుగు దిక్కుల బార్డర్, వెనక తోట ఫోటో, ఒక్కో ముక్కకు ఒక్కో రంగు డబ్బా. షాపు కంప్యూటర్ల మంచిగ కనవడ్డది. ఫోన్ల పంపిస్తే నర్సరీ ఆయన "ధర ఎక్కడున్నది బిడ్డా?" అన్నడు. ధర నడిమిట్ల, పెద్దక్షరాలతోనే ఉన్నది.

ఏదో మూలం నాకు తెల్వదని అర్థమైంది. కలర్ థియరీ మొదలు చదవాల్నా, డిజైన్ గీసే ఫిగ్మా సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాల్నా? హైదరాబాద్‌ల ఉండి కోర్సు చేసే స్థోమత లేదు. షాపు మూసినంక రాత్రి కొంచెం టైం దొరుకుతది. ఇంగ్లీషు వీడియోలు అర్థమైతయి గని, అండ్ల ఉదాహరణలన్నీ ఇంగ్లీషు అక్షరాలవే. తెలుగు పేజీలు చేసేటోళ్లు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి.

పాలమూరు ప్రూఫ్ అక్క

తమ్మీ, కలర్ థియరీ కాదు, ఫిగ్మా కాదు. నర్సరీ ఆయన అడిగిన మాట దగ్గర్నే మొదలుపెట్టు. ధర పెద్దక్షరాలల్ల ఉన్నా ఆయనకు దొరకలేదంటే, చుట్టూ ఉన్నవి గూడ అంతే పెద్దగ, అంతే రంగుతోటి ఉన్నయన్నట్టు. పక్కది తగ్గితేనే ఇది పెద్దగ కనవడ్తది.

నేను మహబూబ్‌నగర్‌ల ప్రింటింగ్ ప్రెస్‌ల ప్రూఫులు దిద్దుకుంట ఈ పనిలకొచ్చిన. ఇప్పుడు బడులకు, దుకాణాలకు, రైతు సంఘాలకు తెలుగు పేజీలు చేస్తున్న. నీకు ఫ్లెక్సీ పని వచ్చుడు చాలా అక్కరకొస్తది. కొలత, మార్జిన్, అక్షరం లావు, ఇవన్నీ నీ కంటికి అలవాటే. మారేది చూసే మనిషి. ఫ్లెక్సీని రోడ్డు మీద పోయేటాయన బండి ఆపకుండ చూస్తడు. ఎవరి ఫోటో, ఏం పండుగ అని తెలిస్తే చాలు, అందుకే ఉన్న జాగల అన్నీ ఒక్కసారే నింపుతం. నర్సరీ పేజీ తెరిచే రైతు పని ఉండి తెరుస్తడు. ఎక్కువ ఫోన్లల్ల తెర వెడల్పు సీఎస్‌ఎస్ లెక్కన 360 నుంచి 412 పిక్సెళ్లే. ఒకదాని వెనక ఒకటి చదువుకుంట కిందికి పోతడు. కాబట్టి ఏది ముందు, ఏది వెనక అన్నది నువ్వు తేల్చాలె. మిగిలిన పాఠాలన్నీ దాని తర్వాతనే.

ఇట్ల చెయ్యి. రంగులు, బార్డర్లు, నీడలు, వెనక ఫోటో అన్నీ తీసెయ్యి. తెలుపు మీద నలుపు, ఒకటే ఫాంట్, ఒకటే సైజు ఉంచు. డిండి దిక్కు నుంచి ఒక రైతు ఫోన్ చేస్తే ఏమేం అడుగుతడు, ఏ వరుసల అడుగుతడు అని నర్సరీ ఆయన్నే అడుగు. సాత్‌గుడి రకమేనా? అంటు రంగపూర్ నిమ్మ మీద కట్టిండ్రా, జంబేరి మీద కట్టిండ్రా? ఒక్కోటి ఎంత? ఇప్పుడున్నయా, ముందుగాల చెప్పి పెట్టుకోవాల్నా? ఎట్ల రావాలె? గదే వరుస నీ పేజీకి. "మా ప్రత్యేకతలు" అన్న ముక్క, నర్సరీ ఆయన ఫోటో కిందికి పోతయి. ఆయనకు కష్టమనిపిస్తది, అయినా ఒప్పించాలె.

ఇగ దూరం సంగతి. దీని మీద ఎక్కువ చెప్త, ఎందుకంటే మన పేజీలు ఎక్కువ పాడయ్యేది ఇక్కడే. దగ్గరదగ్గర ఉన్నవాటిని కన్ను ఒక గుంపు కింద లెక్కేస్తది. మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1923లనే దీన్ని చుక్కలతోటి చూపెట్టిండు. అన్నీ ఒకే తీరు చుక్కలు, ఒకే వరుస. రెండు రెండు చుక్కల నడుమ ఎడం తగ్గించిండు, అంతే, అవి జతలు జతలుగ కనవడ్తయి. ఎవ్వరూ చెప్పాల్సిన పని లేదు. నీ పేజీల మొక్క పేరుకు, దాని ధరకు నడుమ 24 పిక్సెళ్లు, ఆ ధరకు, కింది మొక్క పేరుకు నడుమ గూడ 24 ఉంటే ఆ ధర పైదానిదా, కిందిదానిదా? చదివేటాయన ఆగి ఆలోచించాలె. పేరుకు ధరకు నడుమ 4 చెయ్యి, ఒక మొక్కకు ఇంకో మొక్కకు నడుమ 32 చెయ్యి. ఆ రంగు డబ్బాలు ఎందుకు గీసినవో నీకే అర్థమైతది: దూరం చెయ్యాల్సిన పనిని గీతలతోటి చేయించినవు. ఇప్పుడు వాటిని తీసేసినా ఏం పోదు. 4, 8, 16, 24, 32, 48, ఈ అంకెలు తప్ప వేరేవి వాడొద్దని కట్టుబడు. 13 ఒకచోట, 19 ఇంకోచోట పెడితే ఏం తేడానో చూసేటోళ్లు చెప్పలేరు గని, పేజీ సదరనట్టు అనిపిస్తది.

అక్షరాలల్ల మూడు సైజులు చాలు. మామూలు పాఠానికి 18, ఉపశీర్షికకు 22, శీర్షికకు 30. బ్రౌజర్ తనంతట తానిచ్చేది 16. ఇంగ్లీషుకు సరిపోతది, తెలుగుల గుడికి గుడిదీర్ఘానికి తేడా పోల్చుకోవాలంటే అది తక్కువని నా అభిప్రాయం. లైన్-హైట్ (లైను ఎత్తు, అక్షరం సైజుకు ఎన్ని రెట్లో) 1.4, 1.5 పెట్టుమని వీడియోలల్ల చెప్తరు, అది గూడ ఇంగ్లీషు లెక్కనే. మనకు అక్షరం మీద గుడి, కింద వత్తు, ఒక్కోసారి ఒక వత్తుకు తోడు ఇంకో వత్తు. "రాష్ట్రం", "శాస్త్రి" రాసి చూడు. 1.7 దగ్గర మొదలుపెట్టి, పై లైను వత్తు కింది లైను గుడికి తగుల్తలేదు అనిపించినదాకా సరిచెయ్యి. రెండు అంచులు సమానం చేసే జస్టిఫై వాడకు. పేపర్లల్ల చూసి అలవాటైంది గని, మన మాటలు పొడుగు, ఫోను వెడల్పు తక్కువ. ఒక్కో లైన్ల రెండు మూడు మాటలే పడి నడుమ బొక్కలు పడ్తయి. అక్షరాల నడుమ ఎడమిచ్చే లెటర్-స్పేసింగ్ ముట్టుకోకు. ఇటాలిక్ వద్దే వద్దు. ఎక్కువ తెలుగు ఫాంట్లకు అది లేదు, బ్రౌజర్ ఉన్న అక్షరాన్నే వంచి పెడ్తది. బోల్డ్ కావాలంటే నిజంగ బోల్డ్ ఉన్న ఫాంటే తీసుకో. నోటో సాన్స్ తెలుగుల, అనేక్ తెలుగుల సన్నం నుంచి లావు దాక అన్ని బరువులున్నయి. మండలి చదవటానికి హాయిగ ఉంటది గని దానికి ఒకటే బరువు. దాన్ని బోల్డ్ చేస్తే బ్రౌజర్ అక్షరాన్ని అలికి లావు చేస్తది, ఘ, ఝ లాంటివాటి లోపలి సందులు మూసుకపోతయి.

రంగు ఆఖరుకు. ఎరుపు మీద పసుపు మనకు శుభం, ఫ్లెక్సీ మీద బాగుంటది. లెక్క చూడు మరి. వెబ్ పేజీలు అందరికీ అందేటట్టు ఉండాలని డబ్ల్యూసీఏజీ అనే ప్రమాణం పెట్టిండ్రు. మామూలు అక్షరానికి, దాని వెనక రంగుకు వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలె, 24 పిక్సెళ్లు, ఆపైన ఉన్న పెద్దక్షరాలకు 3కు 1. అచ్చమైన ఎరుపు మీద అచ్చమైన పసుపు 3.7 దగ్గర ఆగుతది. శీర్షికకు నడుస్తది, ధరల పట్టికకు నడవది. ఎరుపు మీద నీలం అయితే 2.2 గూడ లేదు. ఈ లెక్క నువ్వు కట్టే పని లేదు, క్రోమ్‌ల ఇన్‌స్పెక్ట్ తెరిచి అక్షరం రంగు గడి మీద నొక్కితే అదే చూపెడ్తది. నీ పేజీ చూసే రైతు షాపు నీడల కూసోడు. ఎండల, గట్టు మీద నిలవడి చూస్తడు. ఆ తేడా ఆయనకు కావాలె.

కన్ను తయారు కావాలంటే రోజూ ఒకటి చూసి మళ్లీ చెయ్యి. మీ బస్టాండ్‌ల టైంటేబుల్ బోర్డు ఫోటో తీసుకో. హైదరాబాద్ బస్సు మల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగ పోతది కదా. ఊరు, టైము, దారి, బస్సు రకం ఉంటయి. వాటిని ఫోన్ తెరకు సరిపోయేటట్టు, నలుపు తెలుపుల, గీతలు లేకుండ పేర్చి చూపియ్యి. ఒక ముసలామె మాల్‌ల దిగాలంటే ఏ బస్సు ఎక్కాల్నో వెంటనే దొరకాలె. ఇది కుదిరితే నర్సరీ పేజీ నీకు కష్టమే కాదు.

నల్లగొండ పిక్సెల్

అక్క చెప్పినదానికి ఒక చిన్న ముక్క. కోరెల్‌ల చేసిన లోగో ఉంటే ఎస్‌వీజీగ ఎక్స్‌పోర్ట్ చెయ్యి, ఎంత పెద్దగ చేసినా పగలదు. ఫైలు సీఎంవైకేల (అచ్చు రంగుల పద్ధతి) ఉంటే ముందుగాల ఆర్‌జీబీకి (తెర రంగుల పద్ధతి) మార్చు, లేకుంటే బత్తాయి ఆకుపచ్చ తెర మీద వేరే తీరు వస్తది. ఫ్లెక్సీకి వాడిన ఫోటోను అట్లనే ఎక్కించకు, మల్లేపల్లి దాటినంక సిగ్నల్ ఉండేది తెల్సిందే కదా. వెడల్పు 1200 పిక్సెళ్ల దాక తగ్గించి, వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫోటో ఫార్మాట్‌ల సేవ్ చెయ్యి.

పుట్టపాక మగ్గం

అక్కా, మీ మాటలన్నీ ఒప్పుకుంట గని "రంగు ఆఖరుకు" అన్నది నాకు పూర్తిగ సమ్మతం కాదు. మా ఇంట్ల తేలియా రుమాల్, అంటే నూలును ముందే కట్టి రంగులద్ది నేసే చేనేత గుడ్డ, నేస్తరు. గ్రాఫ్ కాగితం మీద గడి గడి లెక్కేసి డిజైన్ గీస్తం, నూలు కట్టేది, అద్దేది ఆ గడుల ప్రకారమే. ఎరుపు, నలుపు, తెలుపు, మూడే రంగులు, అవి గూడ మొదట్నే ఖాయమైతయి. ఏ గడి ఏ రంగని తెల్వకుంటే నూలు ఎక్కడ కట్టాలె? పేజీకి గూడ ఒక్క రంగును ముందే ఎంచుకొమ్మంట నేను. తమ్ముడూ, ఆకుపచ్చ అనుకో. నొక్కే జాగకు తప్ప ఇంకెక్కడా అది పెట్టకు. ఫోన్ బటన్, మ్యాప్ లింకు, అంతే. ఆకుపచ్చ కనవడ్డ కాడ నొక్కొచ్చని రైతుకు రెండోసారికే తెలుస్తది.

పాలమూరు ప్రూఫ్ అక్క

మీరన్నది నిజం. నేను చెప్పింది అలంకారానికి వాడే రంగు సంగతి. పని ఉన్న రంగు మొదట్నే రావాలె. అయితే తమ్మీ, రంగు ఒక్కదాని మీదనే ఆధారపడకు. ఎరుపు ఆకుపచ్చ తేడా తెల్వని మగోళ్లు మనల చాలామందే ఉంటరు. బటన్‌కు బటన్ ఆకారం, లింకుకు కింద గీత ఉంచు.

దేవరకొండ డీటీపీ

అక్కా, అన్నా, చాలా చాలా ధన్యవాదాలు. అన్నీ తీసేసి మళ్లీ కట్టిన. ఖాళీ జాగ ఇంత ఉంటే పని తక్కువ చేసినట్టు కనవడ్తదేమోనని భయమైతున్నది గని, ఫోన్ల మాత్రం చదవొస్తున్నది. ఇప్పుడు మూడు కాడ ఆగిన. బటన్ మీద "ఫోన్ చేయండి" బాగుంది, "రాష్ట్రమంతటా పంపిణీ" అని పెడితే కింది వత్తు తెగుతున్నది. "ముందస్తుగానమోదుచేసుకోండి" లాంటి శీర్షిక తెర దాటి బయటికి పోతున్నది. ఇంకోటి, షాపుల పాత మ్యాటరంతా అను ఫాంట్లల్లనే ఉన్నది, పేజీల పేస్ట్ చేస్తే ఏవో పిచ్చి అక్షరాలు వస్తున్నయి. నర్సరీ ఆయన ఏమో "గింత కష్టమెందుకు, ఫ్లెక్సీ బొమ్మనే పెట్టెయ్" అంటున్నడు.

పాలమూరు ప్రూఫ్ అక్క

వత్తు తెగుతున్నదంటే బటన్‌కు ఎత్తు అంకెతోటి కట్టేసినవు. హైట్ తీసెయ్యి, పైన కింద 12 ప్యాడింగ్ (లోపలి ఖాళీ) ఇయ్యి, లైన్-హైట్ 1.6 ఉంచు, ఎత్తు దానంతటదే వస్తది. డబ్బా దాటినదాన్ని కోసేసే ఓవర్‌ఫ్లో హిడెన్ ఎక్కడన్న పెట్టి ఉంటే అది గూడ తీసెయ్యి.

శీర్షిక సంగతి: మాటలను కలిపి రాయకు. "ముందుగా బుక్ చేసుకోండి" అని విడగొడితే రెండు లైన్లల్ల మంచిగ కూసుంటది. ఇది సీఎస్‌ఎస్ పని కన్న ముందు రాసేటోళ్ల పని. అయినా దాటితే పొడుగు మాటను విరిచే ఓవర్‌ఫ్లో-ర్యాప్ పెట్టు.

అను ఫాంట్లల్ల కొట్టింది మనకు తెలుగు లెక్క కనవడ్తది, లోపల ఉన్నవి ఇంగ్లీషు కోడ్‌లే. ఫాంట్ తీసేస్తే అవే బయటపడ్తయి. వెబ్‌కు యూనికోడ్, అంటే తెలుగు అక్షరానికి తెలుగు కోడే ఉండే పద్ధతి, తప్ప దారి లేదు. కన్వర్టర్లున్నయి, వాడు, కాని మార్చినంక ప్రతి లైను చదువు. వత్తులు, అరసున్నలు, అంకెలు తారుమారైతయి. ధరలుంటే ఇంకొకరితోటి గూడ చదివియ్యి. నీ పేజీ చిన్నదే కాబట్టి కొత్తగ కొట్టుడే మేలు.

ఫ్లెక్సీ బొమ్మ పెట్టుడు మాత్రం ఒప్పుకోకు. బొమ్మల ఉన్న మాటలు గూగుల్‌ల "దేవరకొండ బత్తాయి మొక్కలు" అని వెతికినోళ్లకు సరిగ దొరకయి. చూపు లేనోళ్లకు ఫోన్ సరిగ చదివి వినిపించలేదు. అక్షరం పెద్దగ చేస్తే తెర దాటి పోతది. ధర మారిన ప్రతిసారి బొమ్మ కొత్తగ చెయ్యాలె. ఆయనకు ఇట్ల చూపెట్టు: రెండూ తన ఫోన్లనే తెరిచి, నంబరు మీద నొక్కుమను. నీ పేజీల ఫోన్ కలుస్తది, బొమ్మల కలవదు. ఆ నంబరుకు టెల్ లింకు, అంటే నొక్కితే ఫోన్ కలిపే లింకు, పెట్టినవా లేదా చూసుకో. నర్సరీకి రెండు నంబర్లుంటే ఏది ఎవరు, ఏ టైంల ఎత్తుతరో అడిగి పక్కన రాయి.